బురుజుకు శాంపిల్ మేకల దొడ్డి

గోడ నిటారుగా కట్టినందుకు మేస్త్రీని తిట్టడం నా జన్మలో ఒక్కసారే చూశాను. తిట్టింది పాత కోటలు బాగుచేయించడానికి ఇటలీ నుంచి వచ్చిన ఒక మేడం. తిట్లు తిన్నది నేను. ఇది జరిగింది ఒమాన్‌లో, నిజ్వా దాటి గంటన్నర బస్సులో పోతే వచ్చే ఒక ఊళ్లో, గుట్ట మీద సగం కూలిన బురుజు పక్కన.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మాది జగిత్యాల దిక్కు. మా మేనమామ వ్యవసాయ బావులకు రాతికట్టు కట్టేవాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. రాయి చేతిలోకి వస్తే దాని ముఖమేదో వీపేదో చెప్పగలిగేవాణ్ని. తర్వాత ఊరూరా బోర్లు పడ్డాయి, బావులు కట్టించేవాళ్లు కరువయ్యారు, నేను గల్ఫ్ బాట పట్టాను. సోహార్‌లో కంపెనీ నన్ను షటరింగ్‌లో వేసింది. పొద్దున లేచి పలకలు కొట్టడం, వారం పోయాక అవే పలకలు పీకడం. పదకొండేళ్లు ఇదే పని. కాంక్రీటుకు ముఖమూ ఉండదు, వీపూ ఉండదు. దాన్ని పోసి పక్కకు జరిగితే అదే గట్టిపడుతుంది.

అలాంటి నన్ను ఈ బురుజు పనికి తెచ్చింది వెల్లుల్లి కారం. మిక్సీలో తిప్పిన కారం నాకు సయించదు. ఒకరోజు అన్నం తినే వేళ, సైట్‌లో దొరికిన ఒక రాయిని ముందర పెట్టుకుని చిన్న రోలు చెక్కుకుంటున్నాను. ఫోర్‌మన్ చాచా వచ్చి నెత్తిన నిలబడ్డాడు. ఆయనది కడప. ముప్ఫై ఏళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు, అరబ్బీ గడగడా మాట్లాడతాడు, కోపం కూడా అరబ్బీలోనే మొదలుపెడతాడు.

"ఏంరా అబ్బీ, కంపెనీ రాయితో రోలు చేస్తాండావా?"

అయిపోయింది, ఇక ఆఫీసుకు పిలుస్తారనుకున్నాను. చాచా రోలు తీసుకుని లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ఎక్కడా గుచ్చుకోలేదు.

"రాతిపని వచ్చునా నీకు?"

"అస్తది చాచా. మర్శిపోలే అనుకుంట."

వారం తిరిగేసరికి నా బ్యాగూ చాచా బ్యాగూ నిజ్వా బస్సులో ఉన్నాయి. కానీ ఆ 'అనుకుంట' అన్న మాట నన్ను దారి పొడుగునా తింటూనే ఉంది. పదకొండేళ్లు పలకలు కొట్టిన చేతికి రాయి ఇంకా గుర్తుందా లేదా? ఊళ్లో ఎవరైనా అడిగితే నేను రాతి మేస్త్రీననే చెప్పుకుంటాను. ఈ పనిలో ఓడిపోతే ఆ మాట కూడా చెప్పుకోవడానికి ఉండదు.

ఆ ఊరివాళ్లు దాన్ని బుర్జ్ అంటారు. మన పాత ఊళ్లల్లో ఉండే బురుజే అది, ఎత్తు కొంచెం ఎక్కువ. పడమటి సగం నిలబడి ఉంది, తూర్పు సగం గుట్ట మీదుగా జారి కుప్పగా పడింది. మళ్లీ కట్టాలి. మేం దిగిన రోజే కంపెనీ రెండు లారీల రాయి పంపించింది. అన్నీ ఒకే కొలతకు కోసినవి, లేత గులాబీ రంగువి, చూస్తే ముచ్చటేసింది. మేడం గుట్ట దిగి వచ్చి, లారీ చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవర్‌కు చేయి ఊపి వెనక్కి పొమ్మంది.

ఆ తర్వాత మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఆమె ఇంగ్లీషును మా సైట్ ఇంజనీరు హిందీలోకి తిప్పుతుంటే, చాచా తనకు తోచిన తెలుగులోకి తిప్పాడు. ఎప్పుడో రోమ్ రాజులు తమ రాజ్యం అంచుల వెంట వరసగా కోటలు కట్టించారట. ఈ మేడం అంతకుముందు ఆ కోటల దగ్గరే పనిచేసిందట. ఫోన్‌లో ఫోటోలు చూపించింది. చలిదేశంలో ఉన్నది బూడిదరంగు కోట. జోర్డాన్ ఎడారిలో ఉన్నది నల్లటి కోట. ప్లాన్ ఇంచుమించు ఒకటే, రంగు మాత్రం ఎక్కడి నేలది అక్కడిదే. అంత పెద్ద రాజులు కూడా రాయిని దూరం నుంచి తెప్పించే పిచ్చిపని చేయలేదట. గోడ పక్కనే తవ్వి తీశారు. సిపాయిలే తవ్వారు, సిపాయిలే మోశారు, సిపాయిలే కట్టారు. బయటి ముఖాలకు ఒక మనిషి మోయగలిగినంత రాయి, రెండు ముఖాల మధ్య కడుపులో దొరికిన గులకా మట్టీ సున్నమూ. బాగా చెక్కిన రాయి గేట్లకూ మూలలకూ మాత్రమే. రాయి దొరకని చోట గడ్డినేలను పెళ్లలుగా కోసి ఇటుకల్లాగా పేర్చారట.

"గడ్డితో కోటనా? మేకలొస్తే ఏం జేస్తారప్పా?" అన్నాడు చాచా. ఈ ప్రశ్నను ఇంజనీరు ఇంగ్లీషులోకి తిప్పలేదు.

ఇంకో మాట చెప్పింది. ఒక్కో సిపాయిల గుంపు తాను కట్టిన ముక్క మీద తన పేరు చెక్కిపెట్టేదట. వేల ఏళ్లయినా కట్టినవాళ్ల పేరు ఉండటమంటే మాటలా అని చాచాతో అన్నాను.

"గొప్పకు కాదురా. కూలిపోతే ఎవర్ని తిట్టల్లనో తెలియాల కదా, అందుకు."

మొత్తానికి మేడం మాట ఇది: కూలిపడిన కుప్పలోని రాయి, కింద వాగులోని రాయి, ఈ రెండు తప్ప ఇంకోటి ముట్టకూడదు. కొత్త గోడ పాత గోడ పక్కన నిలబడితే తేడా తెలియకూడదు. ముందుగా నేను ఛాతీ ఎత్తు శాంపిల్ గోడ కట్టి చూపించాలి. మూడు అవకాశాలు. మూడూ తప్పితే వేరే కంపెనీ నుంచి మేస్త్రీలు వస్తారు, నేను సోహార్‌కు, పలకల దగ్గరికి.

మొదటి శాంపిల్‌కు నా విద్యంతా చూపించాను. ప్రతి రాయికీ ఉలితో ముఖం తీశాను. ప్రతి వరసకూ దారం కట్టాను, గోడ నిటారు తెలిసేలా దారానికి గుండు వేలాడదీసి చూశాను, రసమట్టం పెట్టాను. అందులో బుడగ అటు పోలేదు, ఇటు పోలేదు. మా మేనమామ చూస్తే రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడేవాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

మేడం కూడా రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడింది. నేను పొంగిపోయాను. తర్వాత ఇంజనీరు ఆమె మాటను తిప్పి చెప్పాడు: "చాలా అందంగా ఉంది. ఎవరి బాత్రూం?"

నిజంగా అదే మాట. నేను ప్రతి రాయికీ ముక్కు కోసేశానట. పాత గోడలో ఒక్క వరస కూడా తిన్నగా పోలేదు, చూడలేదా అని అడిగింది. చూశాను మేడం, చూసే కదా ఆ తప్పు దిద్దింది! పైకి అనలేదు. రూమ్‌కు వచ్చాక మాత్రం చాలా అన్నాను.

రెండో శాంపిల్‌కు ఉలి ముట్టలేదు. కుప్పలో దొరికిన రాయిని దొరికినట్టు పేర్చాను. గుండు మాత్రం జేబులో పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు తీసి చూసుకున్నాను. గోడ బాగానే కుదిరింది. మర్నాడు మేడం చూడటానికి వస్తుందనగా దసరా వచ్చింది. పొద్దునే నా సుత్తె, ఉలి, తాపీ కడిగి పసుపు కుంకుమ పెట్టాను. పనిముట్లు మెరుస్తున్నాయి. పక్కన శాంపిల్ గోడ చూస్తే రాళ్లన్నీ నల్లగా, మసిబారి ఉన్నాయి. పండుగ పూట, రేపు పెద్దమనిషి చూడటానికి వస్తుంటే, గోడ ఇలా ఉంటే ఎలా? మా ఇళ్లల్లో దసరాకు బూజు దులపకుండా ఎవరైనా ఉంటారా?

రూమ్‌కు పోయి బాత్రూం కడిగే ఆసిడ్ డబ్బా తెచ్చాను. బ్రష్షుతో పూశాను. రాళ్లు బుసబుసమని పొంగాయి. ఎన్నేళ్ల మురికో పాపం అనుకుని ఇంకా పూశాను. నీళ్లు మోసుకొచ్చి కడిగితే గోడ పాలలాగా తెల్లబడింది. సంతోషం పట్టలేక పైవరసలో మధ్య రాయికి మూడు పసుపు గీతలు గీసి కుంకుమ బొట్టు పెట్టాను.

మర్నాడు మేడం వచ్చి చూసి కింద కూర్చుంది. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు, నేల మీదే కూర్చుంది. ఆ నల్లరంగు మురికి కాదట. ఎండకూ గాలికీ మంచుకూ రాయి మీద వేల ఏళ్లు పట్టి ఏర్పడే తోలట అది.

"వేల ఏండ్ల సంపాదనరా అది," అన్నాడు చాచా. "ఒక్క డబ్బా ఆసిడ్‌తో కడిగేసినావు కదరా నాయనా!"

మేడం లేచి, గోడ పక్కన కొలత కర్ర పెట్టి, పసుపు గీతలకు దగ్గర నుంచి నాలుగు ఫోటోలు తీసింది. ఇదేంటని ఇంజనీరును అడిగింది. ఆయన తడుముకోకుండా "మార్కింగ్" అన్నాడు. ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ చదివి రేపు ఎవరైనా ఒమాన్ బురుజులకు పసుపు పూసేవారని రాస్తే, ఆ తప్పు నాది.

ఇక మిగిలింది ఒక్క అవకాశం, వారం రోజులు. నాకు నిజంగా భయం పట్టుకుంది. గుండు తీసి చాచా చేతిలో పెట్టాను.

"ఇది నీ దగ్గర వెట్టుకో చాచా. నేనడిగినా ఇయ్యకు."

"ఇయ్యనులే. నువ్వు వంకరగా కట్టు."

వంకరగా కట్టడం ఎంత కష్టమో కట్టాలని చూస్తే తెలుస్తుంది. నాలుగు రాళ్లు పెడితే ఐదోది నాకు తెలియకుండానే చేయి సర్దేసేది. ఒక కన్ను మూసుకుని కట్టాను. తల పక్కకు వంచి కట్టాను. మెడ పట్టేసింది, గోడ మాత్రం తిన్నగానే వచ్చింది. పంతం పట్టి బాగా వంకరగా కడితే, తాగి వచ్చినవాడు తలుపు పట్టుకుని నిలబడ్డట్టుంది. నేనే తన్ని పడేశాను. మూడు రోజుల్లో మూడు గోడలు కట్టి మూడూ కూల్చుకున్నాను.

ఇదిలా ఉండగా ఇంకో తద్దినం వచ్చిపడింది. గుట్ట కింద ఒక ముసలాయనకు మేకల దొడ్డి ఉంది. ఆయన్ని మేమంతా బాబా అనేవాళ్లం. ఆ దొడ్డి గోడల్లో రాళ్లకు పాత సున్నం అంటుకుని ఉండటం మేడం కనిపెట్టింది. అంటే అవి బురుజు రాళ్లే, అవి కావాలంది. బాబా ఏమీ దాచలేదు. అవును, మా తాత తెచ్చుకున్నాడు అన్నాడు. బురుజు మీదికి శత్రువులు రావడం మానేశారు, మాకేమో నక్కలు రావడం మానలేదు, అందుకని తెచ్చాడన్నాడు. రాళ్లు తీసుకోండి, కానీ వాగురాయితో కొత్త దొడ్డి కట్టివ్వండి, విప్పిన రోజే సాయంత్రం మేకలు తిరిగొచ్చేలోపల కావాలన్నాడు. ఇంజనీరు సరేనని నావైపు చూశాడు.

నాకు మండిపోయింది. నెత్తిన శాంపిల్ కూర్చుని ఉంటే మేకలకు ఇల్లు కట్టాలా? అయినా కంపెనీ మాట, ఏం చేస్తాం. మర్నాడు పొద్దున పాత దొడ్డి విప్పి రాళ్లు గుట్ట మీదికి పంపించారు. నేను వాగురాయి కుప్ప పక్కన నిలబడి పని మొదలుపెట్టాను. బాబా కుప్ప మీద కూర్చుని, రాళ్లు తానే అందిస్తానన్నాడు.

మొదటి రాయి ఇచ్చాడు. తిప్పి చూశాను, నచ్చలేదు, పక్కన పడేసి ఇంకోటి అడిగాను. ఆయన వంగి అదే రాయి తీసి మళ్లీ ఇచ్చాడు.

"హాదా," అన్నాడు. ఇదే అని.

పక్కన పెట్టాను. మళ్లీ అదే రాయి వచ్చింది. "హాదా!" ఈసారి గొంతు పెంచాడు. పెద్దాయనతో తగువేమిటని తీసుకుని ఎలాగోలా ఇరికించాను. ఇరికిస్తే కుదురుకుంది. తర్వాత రాయి కూడా అంతే. నేను ఏరుకోవడానికి లేదు, ఆయన ఇచ్చింది పెట్టాలి. పెడితే ఎటో ఒకవైపు కూర్చునేది, సందులో చిన్న రాతిచిప్ప దోపితే కదలకుండా నిలిచేది. మధ్యాహ్నం దారం కట్టి కనీసం పైవరసైనా తిన్నగా తెద్దామనుకున్నాను. నీళ్లు తాగి వచ్చేసరికి మందలో ముందుగా తిరిగొచ్చిన ఒక మేక ఆ దారాన్ని నములుతోంది. లాగితే మూరెడు వచ్చింది, మిగతాది కడుపులోకి పోయింది. బాబా నవ్వీ నవ్వీ కుప్ప మీద నుంచి పడబోయాడు. ఇక నేను అన్నీ వదిలేసి ఆయన ఇచ్చిన రాయి ఇచ్చినట్టు పెట్టుకుంటూ పోయాను. పొద్దు గుంకేసరికి దొడ్డి అయింది. వెనక్కి తిరిగి కూడా చూడకుండా రూమ్‌కు పోయి పడుకున్నాను.

మేడం చెప్పిన రోజుకంటే ముందే వచ్చింది. నేను గుట్ట మీద ఉన్నాను. శాంపిల్ ఇంకా మోకాలి ఎత్తు కూడా లేదు. కింద చూస్తే ఆమె దొడ్డి చుట్టూ తిరుగుతోంది. చేత్తో గోడను నిమురుతోంది, వంగి సందుల్లోకి చూస్తోంది. ఇంజనీరు పైకి చేయి ఊపి రమ్మన్నాడు. అయిపోయింది, మేకల దొడ్డిలో కూడా తప్పు దొరికిందనుకుంటూ దిగాను. నా వెనక చాచా.

"ఇది ఎవరు కట్టారని అడుగుతోంది," అన్నాడు ఇంజనీరు.

"నేనే సార్."

మేడం మొదటిసారి నన్ను చూసి నవ్వింది. రాయి రాయి మీద కూర్చోవాల్సింది ఇలాగేనట. బురుజు కట్టినవాళ్లూ, ఆ రోమ్ సిపాయిలూ కూడా రాయిని వెతుక్కుంటూ తిరగలేదు, చేతికి వచ్చింది పెట్టారు, అది ఈ గోడలో కనబడుతోందంది. శాంపిల్ పాస్ అంది.

చాచా నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నాకు మాత్రం సంతోషం రాలేదు. రాళ్లు ఎంచింది నేను కాదు కదా. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"సార్, గా రాళ్లు..."

"నోరు మూసుకోరా!" అన్నాడు చాచా పళ్ల మధ్య నుంచి. "పాస్ అయినాది కదా!"

"లేదు చాచా. రేపు బురుజు మీద నాతోని కాకపోతే ఏం జేద్దాం?" అని, ఇంజనీరుతో నాకొచ్చిన హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. రాళ్లు ఇచ్చింది బాబా, నేను పెట్టానంతే అన్నాను. దారం మేక తిన్నదని కూడా చెప్పాను. చెబుతుంటే నాకు సోహార్ బస్సు కళ్ల ముందు నిలబడింది.

మేడం అంతా విని గట్టిగా నవ్వి, అయితే ఆయన్నీ పైకి తీసుకురండి అంది.

ఆ రోజు నుంచి బాబా డ్యూటీ మొదలైంది. గుట్ట మీద గొడుగు, గొడుగు కింద కుర్చీ, కుర్చీలో బాబా. కర్రతో చూపించేవాడు, మావాళ్లు ఆ రాయి నాకు అందించేవాళ్లు. హెల్మెట్ లేకుండా సైట్‌లో ఉండకూడదని ఇంజనీరు పట్టుబట్టాడు. తలపాగా తీసేది లేదని బాబా పట్టుబట్టాడు. చివరికి తలపాగా మీదే హెల్మెట్ పెట్టారు. ఆయన తల తిప్పినప్పుడు అది కాసేపాగి తిరిగేది.

కింద దొడ్డికి ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు కట్టారు, ఇది ఒప్పుకున్న శాంపిల్, ముట్టరాదు అని. కంపెనీ కాగితాల్లో గోడ మేకల దొడ్డిని పోలి ఉండాలని రాసుకున్నారు. పైన ఎప్పుడు పేచీ వచ్చినా ఇంజనీరు టేపు పట్టుకుని గుట్ట దిగి, మేకల్ని పక్కకు నెట్టుకుంటూ కొలిచి వచ్చేవాడు. ఆఫీసర్లు వస్తే తెల్లటి బట్టలతో ముందు దొడ్డిలోకే వెళ్లాల్సి వచ్చేది. నా దొడ్డిని నేనే ముట్టకూడదా అని బాబా రోజూ గొణిగేవాడు.

ఆ చలికాలమంతా కట్టాం. మొదట ప్రతి రాయికీ ఆయన వైపు చూసేవాణ్ని. తర్వాత పూటకు నాలుగైదుసార్లు చూసేవాణ్నేమో. ఎప్పుడు తగ్గిందో నేను గమనించలేదు. వేసవి ముదరకముందే గోడ పాత గోడను కలుసుకుంది. మేడం కింద నిలబడి అతుకు ఎక్కడుందో వెతికి, దొరక్క, నన్నే చూపించమంది. చూపించాను, కానీ నాకూ అనుమానమే. నన్ను షటరింగ్‌కు పంపొద్దని, ఒమాన్ దక్షిణాన రైసూత్ దిక్కున ఇంకో పాత గోడ పని ఉంది దానికి పంపమని ఆమె కంపెనీకి రాసింది.

అక్కడికి బస్సు శనివారం. శుక్రవారం సెలవు. పొద్దునే బాబా రూమ్‌కు వచ్చి కర్రతో తలుపు కొట్టాడు. చాచా మాట్లాడి, వెనక్కి తిరిగి నన్ను వింతగా చూశాడు.

"దొడ్డి పడగొట్టల్లంట."

"ఎందుకు?"

"బోర్డు తీసేసినారు కదా. అది నా దొడ్డి, నేనే కట్టినా, ఆ పిల్లోడు చేతులు మాత్రం ఇచ్చినాడు అంటాండాడు. ఇప్పుడు నిన్ను కట్టమంటాండాడు."

సెలవు రోజు, పైగా ఎండలు మొదలైన రోజులు, నిక్షేపంగా ఉన్న దొడ్డిని పడగొట్టి మళ్లీ కట్టడం. ఎవరైనా వింటే నవ్వుతారు. చాచా నవ్వాడు కూడా. నేను మాత్రం సుత్తె తీసుకుని బయలుదేరాను.

పడగొట్టడానికి గంట పట్టింది. తర్వాత మొదటి రాయి కోసం అలవాటుగా చేయి చాచాను. బాబా లేచి, కుర్చీ తీసుకుని, దూరంగా ఖర్జూరం చెట్టు నీడకు పోయి కూర్చున్నాడు. కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. రెండుసార్లు ఆయన వైపు చూశాను. రెండుసార్లూ ఆయన ఎటో కొండల వైపు చూస్తున్నాడు. నేను వంగి, చేతికి అందిన రాయి తీసుకుని పెట్టాను. దాని పక్కన ఇంకోటి పెట్టాను. మధ్యాహ్నం దాటింది, చాచా నీళ్లు తెచ్చిచ్చి పోయాడు, మేకలు తిరిగొచ్చి చుట్టూ నిలబడ్డాయి.

పొద్దు వాలే వేళకు చివరి రాయి పెట్టి పక్కకు జరిగాను. బాబా వచ్చాడు. గోడను భుజంతో నెట్టి చూశాడు. కర్రతో తట్టుకుంటూ చుట్టూ తిరిగాడు, రెండు చోట్ల ఆగాడు, వంగి చూశాడు, మళ్లీ కదిలాడు. ఒక్క రాయి కూడా తీసి మార్చలేదు. తడిక పక్కకు లాగి మేకల్ని అదిలించాడు. మేకలు లోపలికి పోవడానికి దారి ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను.